మారేడుమిల్లిలో ముత్యాలు

పిల్లలూ! మీలో ఎంతమంది మారేడుమిల్లి చూశారు? చూడనివారు నాతో రండి. ముప్ఫయ్యేళ్ళకు పైగా బడిపిల్లలను వెంటబెట్టుకుని కొండలూ గుట్టలూ తిరిగినవాణ్ణి. ఉద్యోగం వదిలినా, నలుగురిని వెంట తీసుకుపోయే అలవాటు మాత్రం వదలలేదు.

రాజమహేంద్రవరంలో తెల్లవారుజామునే భద్రాచలం బస్సు ఎక్కాలి. బస్సు ఉత్తరంగా పోతుంది. కోరుకొండలో నరసింహస్వామి కొండ కనిపిస్తుంది. గోకవరం దాకా చేలూ, తోటలూ. ఆ తరువాత రోడ్డు మెల్లగా అడవిలోకి దూరుతుంది. కాసేపటికి రంపచోడవరం వస్తుంది. 1922లో అల్లూరి సీతారామరాజు మన్యం వీరులను కూడగట్టుకుని తెల్లదొరల ప్రభుత్వాన్ని ఎదిరించింది ఈ కొండలలోనే. అక్కడినుంచి మారేడుమిల్లి ఇంకా 30 కిలోమీటర్ల దూరం వుంటుంది. దారి పొడుగునా మద్దిచెట్లు, వెదురుపొదలు, గెలలు వేలాడే జీలుగుచెట్లు. ఈ ఏడు సంక్రాంతి వెళ్ళి బడులు తెరిచిన వారంలో నేను వెళ్ళాను. బస్సు కిటికీ తెరిస్తే చలికి చెవులు గడ్డకట్టినట్లయింది. లోయలో మంచు పాలకుండ ఒలికినట్లు పరుచుకుని వుంది.

మారేడుమిల్లిలో దిగగానే కమ్మని వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది. కోడిమాంసం ముక్కలకు ఉప్పూ కారం పట్టించి, పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పులమీద కాలుస్తారు. దూరదూరాల నుంచి వచ్చేవారు దీనికోసమే ఆగుతారు. నేను ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక కోడి సంగతే. అయితే అది బొంగులోకి పోయిన కోడి కాదు.

నా దగ్గర ఏడో తరగతి చదివిన శిష్యుడొకడు అక్కడి బడిలో మాస్టరుగా వున్నాడు. "ఒకసారి వచ్చి మా అడవి చూసిపోండి మాస్టారూ" అని రెండేళ్ళుగా పిలుస్తున్నాడు. బస్సు దగ్గరికే ఎదురువచ్చి నా సంచీ అందుకున్నాడు. కాని ఇంట్లో అడుగు పెట్టేసరికి ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. పెరట్లో కోళ్ళగూటి పక్కన అతని కూతురు బుజ్జి కూర్చుని వుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి. ఒళ్ళో పాత తువ్వాలు, తువ్వాలులో ఒక కోడిపెట్ట.

నల్లని ఈకలమీద తెల్లని చుక్కలు. అందుకే దానికి ముత్యాలు అని పేరు పెట్టారట. బుజ్జి పాకే వయసులో వున్నప్పుడు సంతలో కొన్న పిల్ల. అంటే ఏడేళ్ళు దాటింది. కోడికి ఏడేళ్ళంటే ముసలితనమే. గుడ్ల ఫారాలలో పెట్టలను ఏడాదిన్నర, రెండేళ్ళకే అమ్మివేస్తారు. జాగ్రత్తగా పెంచిన నాటుకోడి ఏడెనిమిదేళ్ళు బతుకుతుంది. ముత్యాలు ఎన్నోసార్లు పొదిగింది, ఎన్నో పిల్లలను లేపింది. ఇప్పుడు దాని ఈకలు ఉబ్బి వున్నాయి. తలమీది ఎర్రని జుట్టు పాలిపోయి ఒరిగింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కడుపు మాత్రం నీళ్ళతిత్తిలాగా వేలాడుతున్నది.

"నాలుగు రోజులయింది మాస్టారూ, గింజ ముట్టి" అన్నాడు శిష్యుడు మెల్లగా. "నిన్న కోళ్ళవ్యాపారి వచ్చాడు. నూరు రూపాయలిస్తాను, ఇచ్చెయ్యమన్నాడు. బుజ్జి గోల పెట్టింది."

నేను పక్కన చతికిలబడ్డాను. బుజ్జి నావైపు తిరిగి, "తాతగారూ! దీనికి తగ్గుతుందా?" అని అడిగింది.

పిల్లలూ, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి కదా, వెంటనే నోటికి ఒక మాట వచ్చింది: "తగ్గిపోతుందిలే అమ్మా!" సగం అనేశాను కూడా. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ, "మీరు నాన్నకు మాస్టారట గదా? మాస్టార్లు అబద్ధం చెప్పరు గదా?" అన్నది.

నా మాట నోట్లోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెబుతాను.

నాకూ తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఎర్ర పెట్ట వుండేది. మాది కోనసీమలో కాలవగట్టు ఊరు. ఒకనాడు దానికి జబ్బు చేసింది. "గంపకింద పెట్టాము, నువ్వు బడికి పో" అన్నారు పెద్దవాళ్ళు. సాయంత్రం వచ్చేసరికి గంప బోర్లించి వుంది, కోడి లేదు. "నయమైపోయి కాలవ అవతలికి ఎగిరిపోయిందిరా" అన్నారు. నేను నమ్మాను. ఎనిమిది రోజులు కొబ్బరితోటలలో "బొబ్బొబ్బో" అని పిలుస్తూ తిరిగాను. నెల తరువాత పాలేరు చెప్పాడు, అది ఆ పూటే చచ్చిపోయిందనీ, కాలవగట్టున విసిరేశారనీ. కోడి చచ్చినందుకు నేను ఏడవలేదు. ఎనిమిది రోజులు ఉత్త పుణ్యానికి పిలిచినందుకు ఏడ్చాను. మా పెద్దవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నా ఏడుపుకు భయపడ్డారు, అంతే.

అందుకని బుజ్జితో నిజమే చెప్పాను. "నాకు వైద్యం తెలియదమ్మా. చూస్తే మాత్రం తగ్గేటట్లు లేదు. పశువుల డాక్టరుగారిని పిలుద్దాం. ఆయన ఏం చెప్పితే అది నీకు చెబుతాను. ఏదీ దాచను."

బుజ్జి ఏడవలేదు. "సరే" అన్నది.

డాక్టరుగారు మధ్యాహ్నం వచ్చారు. కోడిని గుడ్డతో పట్టుకుని, కడుపు తడిమి, ఊపిరి చెవిపెట్టి విన్నారు. తరువాత బుజ్జిని దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినట్లు చెప్పారు. కోడి కడుపులో ముందు పచ్చసొన తయారవుతుంది. అది గుడ్డుగొట్టంలోకి జారి, అక్కడ తెల్లసొన చుట్టుకుని, పైన పెంకు కట్టుకుని బయటికి వస్తుంది. పచ్చసొన గొట్టంలోకి జారినప్పటినుంచి గుడ్డు బయటికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ముసలి పెట్టలలో ఒక్కొక్కసారి పచ్చసొన గొట్టంలోకి పోకుండా కడుపులోనే పడిపోతుంది. అక్కడ పాడయి, చీము పట్టి, నీరు చేరుతుంది. ముత్యాలుకు వచ్చింది అదే.

"మందు వేస్తే నాలుగు రోజులు లాగుతుంది" అన్నారు డాక్టరుగారు. "కాని ఆ నాలుగు రోజులూ బాధే. దానికి ఇప్పుడు కావలసింది మందు కాదు. వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం. నోరు తెరిచి ఎగశ్వాస పెట్టినా, గిలగిల కొట్టుకున్నా నాకు కబురు చెయ్యండి, ఏ రాత్రయినా వస్తాను. మత్తుమందు ఇచ్చి, నిద్రలోనే బాధ తెలియకుండా పంపించవచ్చు. ప్రశాంతంగా వుంటే మీ చేతులలోనే పోనివ్వండి. ఇంకొక మాట: దీన్ని ఎవరికీ అమ్మకండి, కోయకండి. జబ్బు కోడిని తినకూడదు."

ఆ రాత్రి బుజ్జి మామ్మ నాకు చాలా సంగతులు నేర్పింది. ఆవిడ బడికి పోలేదు, కాని కోళ్ళతో అరవై ఏళ్ళు గడిపింది. ముందుగా ముత్యాలును మిగతా కోళ్ళనుంచి వేరుచేసింది. ఎందుకంటే కోళ్ళమందలో పెద్దా చిన్నా వరస ఒకటి వుంటుంది. బలం తగ్గినదాన్ని తక్కినవి పొడుస్తాయి. ఈ వరసను నార్వే దేశంలో ఒక పండితుడు కోళ్ళదొడ్డిలో ఏళ్ళ తరబడి కూర్చుని కనిపెట్టి 1921లో ప్రకటించాడు. మామ్మకు ఆయన పేరు తెలియదు, సంగతి మాత్రం తెలుసు!

వెదురుగంపలో ఎండుగడ్డి పరిచి, పైన గోనెపట్టా వేసి, గంపను పొయ్యి గదిలో గోడవారన పెట్టింది. కోడి ఒంటి వేడి మన ఒంటికంటే ఎక్కువ, 41 డిగ్రీలదాకా వుంటుంది. జబ్బు చేసినప్పుడు ఆ వేడిని అది నిలుపుకోలేదు. ఈకలు ఉబ్బించుకునేది అందుకే.

బుజ్జి చెంచాతో నీళ్ళు పొయ్యబోయింది. మామ్మ చెయ్యి పట్టుకుంది. "పొయ్యకే తల్లీ! దాని ఊపిరిగొట్టం నాలిక మొదట్లోనే వుంటుంది. బలవంతంగా పోస్తే ఉక్కిరిబిక్కిరవుతుంది. వేలితో ముక్కుకు తడి అద్దు. కావాలంటే అదే తాగుతుంది." బుజ్జి అట్లాగే చేసింది. ముత్యాలు రెండుసార్లు తాగింది. మూడోసారి ముక్కు తిప్పుకుంది. "చాలంటున్నది" అన్నది మామ్మ. "వద్దన్నదాన్ని పెట్టడం ప్రేమ కాదు, మన తృప్తి."

చూశారూ! ఇంతకంటే గొప్ప మాట నేను ఏ శిక్షణ కళాశాలలోనూ వినలేదు.

తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. బయట చిమ్మచీకటి. ఎదురుకొండ మీదనుంచి కోడికూత వినిపించింది. ఊరికోళ్ళ కూత కాదు. కురచగా, చివర పుటుక్కున తెంచినట్లు వుంది. అదే అడవికోడి. బుజ్జి కూడా లేచి గంపపక్కన కూర్చుని వుంది. ఇద్దరం వింటూ కూర్చున్నాం.

మన దేశంలో అడవికోళ్ళు రెండు ముఖ్య జాతులు. ఉత్తరాదిలో ఎర్ర అడవికోడి, దక్షిణాదిలో బూడిదరంగు అడవికోడి. ఈ రెండింటి సరిహద్దులూ కలిసేది మన గోదావరి పరిసరాలలోనే! ఎర్రదాని పుంజు నిప్పులాగా మెరుస్తుంది, తోక నల్లగా ఆకుపచ్చ నిగనిగలాడుతుంది. బూడిదదాని మెడ ఈకల చివర మైనం అద్దినట్లు చుక్కలుంటాయి. ప్రపంచంలోని ఇంటికోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఎర్ర అడవికోడి. ఆగ్నేయ ఆసియాలో వరి పండించడం మొదలైన చోట ఇది గింజలకోసం మనిషి దగ్గరికి చేరిందనీ, ఆ చెలిమికి సుమారు 3,500 ఏళ్ళ వయసనీ 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. బూడిద అడవికోడి కూడా ఒక కానుక ఇచ్చింది. చాలా ఇంటికోళ్ళకు వుండే పసుపుపచ్చని చర్మం దానినుంచి వచ్చిందని 2008లో తేలింది.

"ముత్యాలు కాళ్ళు పసుపే తాతగారూ!" అన్నది బుజ్జి.

"అయితే దానికి ఈ అడవి చుట్టరికం కొంచెం వున్నదన్నమాట" అన్నాను.

తెల్లవారింది. ముత్యాలు ఊపిరి నెమ్మదిగానే వుంది, బాధ పడుతున్నట్లు లేదు. కాని బుజ్జి పిలిస్తే ఇదివరకులాగా తల ఎత్తలేదు. కింది రెప్ప మాత్రం పైకి లేచి మూతపడింది. కోడి కన్ను ముయ్యడం ఎప్పుడైనా చూశారా? మనకులాగా పైరెప్ప దిగదు, కిందిది పైకి వస్తుంది.

ఇంతలో బడివేళ అయింది. "ఈ పూట మానెయ్యనా?" అన్నది బుజ్జి. వాళ్ళ నాన్న నావైపు చూశాడు.

"నీ ఇష్టమమ్మా" అన్నాను. "వుంటే మంచిదే. వెళ్ళినా తప్పు లేదు. ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు."

బుజ్జి చాలాసేపు ఆలోచించింది. "నేను పక్కనుంటే మాటిమాటికీ ముట్టుకుంటాను. దానికి నిద్ర పట్టదు" అన్నది. ముత్యాలు వీపుమీద చెయ్యి వేసి, చెవి దగ్గర ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. తరువాత నా దగ్గరికి వచ్చి, "ఏమయినా నాకు చెప్పాలి. సాయంత్రం దాకా ఆగకూడదు. గంప బోర్లించకూడదు" అన్నది.

నా ఎర్రపెట్ట కథ నేను ఆ పిల్లకు రాత్రి చెప్పాను లెండి.

పది గంటలకు ముత్యాలు ప్రాణం పోయింది. ఎండ కిటికీలోనుంచి గంపమీద పడుతున్నది. మామ్మ చెయ్యి దాని వీపుమీదనే వుంది. ఊపిరి ఆగి ఆగి వచ్చింది, తరువాత రాలేదు. చివర రెక్కలు రెండుసార్లు టపటపా కొట్టుకున్నాయి. మామ్మ దాని కళ్ళు మూసి, తువ్వాలు కప్పింది.

నేను చెప్పులు తొడుక్కున్నాను. బడి ఇంటికి అర మైలు వుంటుంది. పిల్లలూ, ప్రధానోపాధ్యాయుడుగా నేను ఎన్నోసార్లు తరగతి గుమ్మంలో నిలబడ్డాను. ఆ పూట నిలబడినంత భయంగా ఎన్నడూ నిలబడలేదు. దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను: "నిద్రపోయింది" అందామా, "దేవుడి దగ్గరికి వెళ్ళింది" అందామా, "ఏమీ బాధ పడలేదు" అందామా అని. గుమ్మం దగ్గరికి పోయేసరికి అన్నీ పనికిరానివిగా తోచాయి.

బుజ్జి నన్ను చూసి, పంతులమ్మగారితో చెప్పి బయటికి వచ్చింది. "పోయిందా?"

"పోయిందమ్మా, పది గంటలకు. మామ్మ పక్కనే వుంది. గిలగిలలాడలేదు. చివర రెక్కలు రెండుసార్లు కొట్టుకున్నాయి. తెలివి పోయిన తరువాత కండరాలు అట్లా అదురుతాయి. అది దానికి తెలియదు. నీకు ఉన్నదున్నట్లు చెబుతానన్నాను గనక చెప్పాను."

అప్పుడు ఏడ్చింది. నా చొక్కా పట్టుకుని గట్టిగా ఏడ్చింది. నేను "ఏడవకు" అనలేదు. కాసేపటికి పైటతో కళ్ళు తుడిచి పంతులమ్మగారు మంచినీళ్ళిచ్చారు. తాగి, "సాయంత్రం దాకా ఉంచుతారుగా?" అని అడిగి, లోపలికి వెళ్ళి కూర్చుంది. చూడండి, ఎంత ధైర్యమో!

సాయంత్రం పెరటి చివర, బావికి దూరంగా, పనసచెట్టు కింద శిష్యుడు మూడు అడుగుల గొయ్యి తవ్వాడు. తువ్వాలుతో సహా ముత్యాలును అందులో పెట్టాము. బుజ్జి గుప్పెడు నూకలు వేసింది. సున్నం చల్లి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాము. అందరం సబ్బుతో చేతులు కడుక్కున్నాము.

గోడ అవతలినుంచి పొరుగాయన ఒకాయన చూసి, "కోడికి ఇంత తతంగమా పంతులుగారూ!" అని నవ్వాడు. నవ్వడం తప్పు కాదు. ఆ ఊళ్ళో కోడి అంటే నలుగురి అన్నంలో కూర, సంత ఖర్చుకు డబ్బు. నేను కూడా కోడికూర తిన్నవాణ్ణే. అయినా ఆయనకు ఒక సంగతి చెప్పాను. యూరపు ఖండానికి కోడి కొత్తగా పోయినప్పుడు, అంటే రెండువేల ఏళ్ళకు పూర్వం, అక్కడివారు దాన్ని తినడానికి పెంచలేదట. తవ్వకాలలో ఆనాటి కోళ్ళ ఎముకలు దొరికాయి. కొన్నింటిమీద కత్తిగాటు లేదు. విడిగా, శ్రద్ధగా పాతిపెట్టినవి. వాటిలో ముసలి కోళ్ళు కూడా వున్నాయి. బ్రిటన్ ప్రజలు కోడిని తినడం తప్పుగా భావిస్తారని రోమన్ సేనాని జూలియస్ సీజరు తన పుస్తకంలో రాశాడు. "కాబట్టి మా బుజ్జి కొత్తగా ఏమీ చెయ్యలేదండీ" అన్నాను. ఆయన ఒక నిమిషం నిలబడి, ఇంకొక రాయి తెచ్చి గోడమీదుగా అందించాడు.

మర్నాడు నేను జలతరంగిణి జలపాతం చూశాను. రాళ్ళమీద నీళ్ళు చప్పుడు చేస్తూ దిగుతుంటే చాలా బాగుంది. కాని మారేడుమిల్లి అంటే ఇప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చేది ఆ పనసచెట్టే.

ఏమర్రా! మీ ఇళ్ళలోనూ కోడో, కుక్కో, చిలకో, పిల్లో వుంటుంది. వాటి ఆయుష్షు మనకంటే చిన్నది. ఎప్పుడో ఒకనాడు మీకూ ఈ పరీక్ష వస్తుంది. అప్పుడు ఇవి గుర్తుంచుకోండి. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. కాబట్టి ఈకలు ఉబ్బి, మందకు దూరంగా ఒక మూల కూర్చున్నదంటే వెంటనే పెద్దలకు చెప్పండి, డాక్టరుకు చూపించండి. ఒకేసారి చాలా కోళ్ళు పోతుంటే అది అంటువ్యాధి కావచ్చు; ముట్టుకోకుండా పశువుల ఆస్పత్రికి కబురు చెయ్యండి. తగ్గేదయితే వైద్యం చేయించండి. తగ్గదని తేలితే, వెచ్చగా, నిశ్శబ్దంగా వుంచండి. వద్దన్నది పెట్టకండి. బాధ ఎక్కువయితే తగ్గించమని డాక్టరును అడగండి. పోయిన తరువాత పెంటమీద పారేయకండి.

పెద్దవాళ్ళు మీతో "ఎగిరిపోయింది" అంటే కోపం తెచ్చుకోకండి. మీ కన్నీళ్ళు చూడలేక అంటారు. మీరే దగ్గరకు పోయి, "మాకు నిజం చెప్పండి, మేము తట్టుకుంటాము" అని అడగండి.

మొన్న బుజ్జి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ముత్యాలు పిల్లలలో ఒక పెట్ట ఇప్పుడు పొదుగుమీద వున్నదట. పదకొండు గుడ్లు పెట్టారట. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. పద్దెనిమిది అయిపోయాయి, ఇంకా మూడు రోజులున్నాయని రాసింది.